గొడుగాయన అంచు

కుట్టు మిషను ముందు నుంచి,
కింద షాపు.

బావమరిదీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. అంటే మనుషుల్లో ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ రోజుల్లో కాగితం మీద రాసేవాడెవడని నవ్వుకుంటావు, తెలుసు. మా అమ్మాయి కిందటిసారి వచ్చినప్పుడు నా ఫోనూ మీ అక్క ఫోనూ ఏదో కలిపేసి పోయింది. నాకొచ్చే ప్రతి మెసేజీ ఆవిడకీ కనిపిస్తుంది. నీకు ఫోన్ చేశానంటే, సాయంత్రానికల్లా "తమ్ముడితో అంతసేపు ఏం మాట్లాడారు" అని అడుగుతుంది. అబద్ధం చెప్పబోతే నా గొంతు పిట్ట గొంతులా సన్నగా అయిపోతుందని ఆ మహాతల్లి పెళ్లైన వారానికే కనిపెట్టింది. కాగితానికి ఆ బాధ లేదు.

సంగతేంటంటే, గొడుగాయన పోయాడు.

మీ అక్క క్రేన్ నడపడం నేర్చుకున్న ఏడాది అగ్గిపెట్టెంత ముక్కగా ఇంటికొచ్చినవాడు. ఇవాళ భోజనం పళ్లెమంత. పగడమే గానీ రాయిలా ఉండడు, మెత్తగా తోలులా ఉంటాడు. లావుపాటి కాడ మీద తెరిచిన గొడుగులా నిలబడి, నెత్తంతా చిన్న చిన్న వేళ్లు బయటపెట్టి ఆడిస్తూ, చేపల ట్యాంకంతా తనదే అన్నట్టుంటాడు. మీ అక్క ఆయన్ని "ఆయన" అంటుంది. నన్ను "ఈయన" అంటుంది. ఆ తేడా నీకు చెప్పక్కర్లేదు.

కొత్త రేవులో పెద్ద క్రేన్లు దిగాయని, అక్కడివాళ్లకి నేర్పమని ఆవిడని నాలుగు నెలలు పంపారు. వెళ్తూ వెళ్తూ ట్యాంకు ముందు నిలబడి, "ఆయన్ని మీకప్పగిస్తున్నా" అంది. ఇన్నేళ్ల కాపురంలో మీ అక్క నాకు అప్పగించిన మొదటి వస్తువు అది. ఇంటి తాళాలు ఆవిడ దగ్గరే, బీరువా తాళాలు ఆవిడ దగ్గరే. పాలు పొంగకుండా చూడమని కూడా నన్నెప్పుడూ నమ్మలేదు.

నిజానికి నేనేం పాపం చెయ్యలేదు. ఆయన అంచు వంకరగా ఉంది. ఎడమవైపు బొటనవేలంత కిందికి జారింది, కుడివైపు అందులో సగం. నా మిషను ఎదురుగానే ట్యాంకు. తల ఎత్తితే అదే కనిపిస్తుంది. అంచు జారిన గౌను వేసుకుని ఎవరైనా నా షాపు మెట్లు దిగితే ఆ పూట నాకు ముద్ద దిగదు. అలాంటిది రోజంతా చూడాలంటే ఎట్లా? మీ అక్క ఏడాదికోసారి ఆయన అంచు కత్తిరించి పిల్లముక్కలు చెయ్యడం నేను చూడలేదా? టేపు పెట్టి కొలిచాను. గుండుసూదులు గుచ్చి గీత చూసుకున్నాను. కొత్త కత్తెర తీసి, ఎడమవైపు అంచు సరిచేశాను. చక్కగా వచ్చింది. కుడివైపుకి తిప్పేలోపే ఆయన ముడుచుకుపోయాడు.

తర్వాత జిగురు కార్చాడు. ఆ తర్వాత ఒళ్లంతా బూడిదరంగు పొర కమ్మింది. వేళ్లన్నీ లోపలికి పోయాయి. ఇప్పుడు చూస్తే నానిన చెప్పులా ఉన్నాడు. ట్యాంకులో ఉంచితే నీళ్లు పాడవుతాయని మెట్ల కింద కిటికీ దగ్గర బకెట్లో పెట్టాను. పారేయడానికి చెయ్యి రాలేదు. కత్తిరించిన పీలికలు కూడా అందులోనే వేశాను, గుడ్డముక్క పారేసే అలవాటు నాకు లేదుగా.

నువ్వు డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నప్పుడు మీ అక్క నీకు గొడుగాయన అంచులోంచి ఒక ముక్క కోసిచ్చింది. "మా తమ్ముడిది మంచి చెయ్యి, ఎట్లా పెంచుతున్నాడో చూసి నేర్చుకోండి" అని అప్పటినుంచీ నన్ను దెప్పని రోజు లేదు. అందులోంచి నాకో ముక్క పంపు. మూడు నెలల్లో పళ్లెమంత చెయ్యడం ఎట్లాగో కూడా రాసి పంపు. లేకపోతే మీ అక్కకి నా ముఖం ఎట్లా చూపించాలో నాకు తెలియడం లేదురా.

మీ బావ


ఎల్ బోర్డు కారులోంచి,
స్కూలు గేటు దగ్గర.

బావా,

ఉత్తరం చదివి బ్రేకు తొక్కాను. మా కార్లకి రెండు బ్రేకులుంటాయి కాబట్టి సరిపోయింది. నడుపుతున్నావిడ మాత్రం నా మీద కేకలేసింది.

నువ్వు ఆడవాళ్ల గౌన్లు కుట్టుకునే మనిషివి. నీకెందుకు బావా ఈ పనులు? గుండుసూదులు గుచ్చావా? ప్రాణమున్న దానికి? రేపు నీ కస్టమరు భుజం ఒకటి కిందికి జారిందనుకో, దాన్నీ కత్తిరిస్తావా?

జిగురు, బూడిదరంగు పొర, వేళ్లు లోపలికి పోవడం. పోయాడు. ఇందులో చుక్క అనుమానం లేదు. ఇన్నేళ్లుగా పెంచుతున్నవాణ్ణి చెబుతున్నాను కదా. ఆ బకెట్టు పారబోసి చేతులు కడుక్కో.

ముక్క పంపడం మాత్రం కుదరదు. నాది పంపకూడదని కాదు, ఇప్పుడు కొయ్యకూడదు. వీటికి కోసే అదను ఒకటుంటుంది. అది దాటిపోయింది. లేదా ఇంకా రాలేదు. ఏదైనా ఇప్పుడు కాదు. అదీగాక నీ చేతికి ఇస్తే దానికీ కాలరు పెట్టి బొత్తాలు కుడతావు.

అక్కకి నిజం చెప్పెయ్. తిడుతుంది. ఏముంది, తిట్టించుకోవడం నీకు కొత్తా?

నీ బావమరిది


కుట్టు మిషను ముందు నుంచి.

మంచి చెయ్యిగల బావమరిదికి,

నీ సలహా చదివాను. తిట్టడం వేరు, ఏమీ అనకుండా ఊరుకోవడం వేరు. మీ అక్క తిడుతుందనుకుంటే ఈపాటికి చెప్పేసి హాయిగా పడుకునేవాణ్ణి. ఆవిడ ఏమీ అనదురా. "సరేలెండి" అంటుంది. వచ్చేసారి ఊరెళ్తూ ఎదురింటి వాళ్లకి అప్పగించి పోతుంది. ఆ "సరేలెండి" వినడం కంటే నేను కూడా ఆ బకెట్లో కూర్చోవడం నయం.

ప్రతి ఆదివారం గొడుగాయన ఫొటో పంపమంది. మొదటి వారం పాతది పంపాను. రెండోవారం అదే పంపాను. "ట్యాంకు గాజులో మీరు కనబడుతున్నారు. రెండు వారాలూ ఒకటే చొక్కా, మెడలో టేపు ఒకే మెలిక. ఒంట్లో బాగుందా?" అని అడిగింది. కొంప మునిగిందనుకున్నాను.

నువ్వు చేతులెత్తేశావు. నా దగ్గర ఏముంది? కత్తెర, సూది, దారం. ఆయన్ని కుట్టాను.

నవ్వకు. మంచి పనితనం. లేత గోధుమరంగు లైనింగు గుడ్డ, లోపల కాస్త దూది, బరువుకి గులకరాళ్లు, కాడకి రెండు వరసల మడతకుట్టు. గుడ్డ ఎక్కడిదో అడక్కు. నెత్తి మీద వేళ్ల కోసం ఊలుదారం ముక్కలు ఒక్కొక్కటే ముడేశాను. రెండు పెళ్లిళ్ల గౌన్లు ఆగిపోయాయి, ఇద్దరు పెళ్లికూతుళ్లూ రోజూ వచ్చి కూర్చుంటున్నారు. అంచు మాత్రం, నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, చుట్టూ ఒకటే తీరు.

ట్యాంకులో పెట్టగానే ఆ నారింజరంగు చేపలు, మొగుడూ పెళ్లాం, వచ్చి అటూ ఇటూ రాసుకుని అందులో కాపురం పెట్టేశాయి. అసలాయన దగ్గరికి ఏనాడూ పోని చేపలవి.

ఫొటో పంపాను. మీ అక్క ఏం రాసిందో తెలుసా? "నేనున్నప్పుడు కూడా ఇంత బాగా విచ్చుకోలేదండీ." ముప్పైసార్లు చదువుకున్నాను. ఏనుగెక్కినంత సంబరమైంది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఆవిడ నన్ను మెచ్చుకున్న ఒక్క మాటా దొంగ గొడుగు మీద పోయింది కదా.

బకెట్టు పారబొయ్యలేదు. వారం వారం ట్యాంకు నీళ్లు మార్చేటప్పుడు తీసిన నీళ్లు ఆయన మీద పోస్తున్నాను. ఎందుకంటే ఏం చెప్పను, అన్నేళ్లు ఇంట్లో ఉన్నవాడు.

మీ బావ


స్కూలు ఆఫీసు గది.

బావా,

ఏం చేశావు బావా నువ్వు. కుడితే కుట్టావు, అంత బాగా ఎందుకు కుట్టావు?

అక్క నాకు ఫోన్ చేసింది. మీ బావ గొడుగాయన్ని ఎంత ముద్దుగా చూసుకుంటున్నారో, నిన్ను మించిపోయారు, నీదెట్లా ఉంది, ఫొటో పంపు అని ఒకటే పోరు. పంపాను. "పర్లేదు" అంది. ఇన్నేళ్లలో నాకు "పర్లేదు" రావడం ఇదే మొదలు. ఒక గుడ్డముక్కకి ఓడిపోయాను.

అది పోనీ. అసలు బాంబు తర్వాత వేసింది. తను వచ్చేటప్పటికి నా దాంట్లోంచి ఒక ముక్క మీ ఇంటికి పంపాలిట. గొడుగాయన పక్కన కట్టి పెడుతుందిట. ఒకే ఒంట్లోంచి వచ్చిన ముక్కలైతే పక్కపక్కన పెడితే కలిసిపోయి ఒకటైపోతాయిట. వేరేవాటి ముక్కలైతే ఎన్నాళ్లు పెట్టినా అతుక్కోవు, ఒకదానికొకటి మొహం తిప్పుకుని ఎండిపోతాయిట. "అంతా విడిపోయి ఎవరి ఊళ్లో వాళ్లం ఉన్నాం, కనీసం ఇదన్నా మళ్లీ ఒకటి కానీ" అంది అక్క.  గేరు పడని బండిలా నిలబడిపోయాను.

దీన్ని ఎట్లాగైనా ఆపించు. నువ్వు చెబితే వింటుంది.

నీ బావమరిది


షాపు నుంచి.

బావమరిదీ,

నేను చెబితే మీ అక్క వింటుందని రాసినవాడివి మామూలుగా లేవు. ఒంట్లో ఎట్లా ఉంది?

అసలు నాకో సంగతి అర్థం కావడం లేదు. భయపడాల్సింది నేను. నా దగ్గర ఉన్నది గుడ్డది, దానికి నీ ముక్క చచ్చినా అతుక్కోదు. నీకేం బాధ? నీది ఆయన ముక్కే కదా. కదా?

జవాబు వెంటనే రాయి.

బావ


ఎల్ బోర్డు కారు, వెనక సీటు నుంచి.

బావా,

కాదు.

అక్క ఇచ్చిన ముక్క నా దగ్గర నెల కూడా బతకలేదు. జిగురుతో రాయికి అంటించాను. అవి జారుడుగా ఉంటాయి కదా, జిగురు పట్టదని నాకేం తెలుసు. పొద్దున చూస్తే రాయి ఉంది, ముక్క లేదు. పంపు రెక్కల్లో పడి పచ్చడైపోయింది. అక్క ఫోన్ చేసినా వారం రోజులు ఎత్తలేదు. తర్వాత చేపల షాపుకెళ్లి అలాంటిదే ఒకటి తెచ్చి పెట్టాను. ఇన్నేళ్లూ నేను చూపించింది అదే. అక్క వచ్చినప్పుడల్లా దాన్ని చూసి, "మా తమ్ముడిది మంచి చెయ్యి" అంటుంటే నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

నీకు చెప్పిన అదనూ గిదనూ అంతా ఒట్టిదే. మీ ఇంట్లో ముక్క పెడితే ఎప్పటికైనా బయటపడుతుందని పంపలేదు. గొడుగాయన పోయాడని అంత గట్టిగా రాశానా, అది కూడా నాకేం తెలిసి రాయలేదు.

ఇప్పుడు నన్నేమైనా అను. అక్కతో మాత్రం అనకు. ఆవిడ ఊరందరి దగ్గరా నా గురించి గొప్పగా చెప్పేది ఆ ఒక్క విషయమే. బండి నేర్పడం గురించి ఎవరూ గొప్పగా చెప్పరు.

నీ బావమరిది


మెట్ల కింద నుంచి,
బకెట్టు పక్కన.

ఒరేయ్ మంచి చెయ్యీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి షాపు తలుపేసుకుని నవ్వాను. "మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి" అని విన్న ప్రతిసారికీ ఒకసారి చొప్పున నవ్వాను, చాలాసేపు పట్టింది. పెళ్లికూతుళ్లిద్దరూ తలుపు కొట్టారు, తియ్యలేదు.

నాలుగోసారి చదివితే మాత్రం నవ్వు రాలేదు. ముగ్గురం ఒక కుటుంబం. ఇద్దరం దొంగలం. ఒకావిడ క్రేన్ మీద కూర్చుని మనిద్దరినీ నమ్ముతోంది.

ఇక నేనెందుకు మెట్ల కింద నుంచి రాస్తున్నానో చెబుతాను. నాలుగు రోజుల కిందట నీళ్లు పోద్దామని బకెట్టు దగ్గరికొచ్చాను. గొడుగాయన ఒంటి మీది ఆ బూడిదరంగు పొర, చెమటకి అంటుకున్న చొక్కా విప్పినట్టు, ఒక పక్కనుంచి ఊడి నీళ్లలో తేలుతోంది. కింద కొత్త చర్మం. వేళ్లు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. నా కళ్ల ముందే రా. అక్కడే మెట్టు మీద కూలబడిపోయాను. పోలేదురా ఆయన. అలిగాడంతే. ఒళ్లు మార్చుకుంటున్నాడు. నువ్వు పోయాడన్నావని ఆ రోజే పారబోసి ఉంటే, ఈపాటికి కాలవలో అలుగుతూ ఉండేవాడు.

ఇంకా ఉంది. పీలికలు అడుగున గులకరాళ్లకి అతుక్కుని ఒక్కొక్కటీ చిటికెనవేలంత గొడుగులైపోయాయి. బకెట్లో పెద్ద సంసారం, కాపలాకి ఇక్కడే కూర్చున్నాను. ఎడమవైపు అంచు మాత్రం నేను కోసిన చోట చక్కగా మానింది. కుడివైపు అట్లాగే జారి ఉంది. చూడనట్టు ఊరుకున్నాను.

గుడ్డాయన్ని తీసేసి అసలాయన్ని ట్యాంకులో పెట్టాను. ఇక నాకు ఏ భయమూ లేదనుకున్నానా, చేపలు రెండూ తిండి మానేశాయి. గాజుకి ముక్కు ఆనించి నన్నే చూస్తాయి. చివరికి గుడ్డాయన్నీ తెచ్చి పక్కన పెట్టాను. చేపలకి అసలు నకలు తేడా పట్టదు. మీ అక్కకి పడుతుంది.

నీ సంగతి ఆలోచించాను. నిన్ను పట్టించి నాకేం ఒరుగుతుంది? దెప్పడానికి ఇంక ఎవరూ ఉండరు, ఇంట్లో తోచదు. నీ షాపు ముక్క పంపు. గొడుగాయన పిల్లల్లో ఒకదాని పక్కన పెట్టి, కుట్టేస్తాను. నైలాను దారంతో, లోపలి కుట్టు. మీ అక్క భూతద్దం పెట్టి చూసినా అతుకు కనబడదు. రెండూ ఒకటైపోయాయనే అనుకుంటుంది.

బావ


స్కూలు నుంచి.

బావా,

నిన్ను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశాను. ఈ ఒక్కసారికి ఒప్పుకుంటున్నాను, ఈ ఉత్తరం మాత్రం దాచుకోకు, చింపెయ్.

గొడుగాయన బతికాడని చదివి స్కూలంతా తిరిగి చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు.

ముక్కని ఈ ఉత్తరం తెచ్చినావిడ చేతికిచ్చి పంపుతున్నాను. మా దగ్గర నేర్చుకుంటోంది, ఊళ్ల మధ్య రోడ్డు మీద ప్రాక్టీసు కావాలంటే పక్కన మా మాస్టార్నిచ్చి మీ వైపు పంపించాను. రెండో గేరు దాటదు. నీళ్ల డబ్బా ఒక్క చుక్క ఒలకదని అందుకే ఆవిడని ఎంచుకున్నాను. వెనకాల ఎన్ని బళ్లు హారన్ కొట్టినా పట్టించుకోదు. ఆవిడకి మంచినీళ్లివ్వు, గౌను కొలతలు తీస్తానని మాత్రం అనకు.

కుట్టు గట్టిగా వెయ్యి.

నీ బావమరిది


కుట్టు మిషను ముందు నుంచి.

బావమరిదీ,

నీ డ్రైవరమ్మ చేరింది. షాపు ముందు బండి ఆపమంటే మూడిళ్ల అవతల ఆపింది. డబ్బా మాత్రం నిండుగానే ఉంది.

అదే రోజు కుట్టాను. నీ ముక్కా, గొడుగాయన పిల్లా, పక్కపక్కన. సన్నని సూది, పొడుగు కుట్టు. రెండూ ముడుచుకుని మూతి తిప్పుకున్నాయి. నువ్వు చెప్పినట్టే మొహాలు చూసుకోలేదు. పైన వల గుడ్డ కప్పి, గులకరాయికి కట్టి, నీళ్లు నెమ్మదిగా తిరిగే మూలన పెట్టాను.

రెండు వారాలయ్యాక ఇవాళ వల తీశాను. ఒకచోట కుట్టు వదులైనట్టుంది. వదులు కుట్టు మీద ఇంకో కుట్టు వెయ్యడం నాకు చిరాకు, ఊడదీసి మొదట్నుంచీ వేద్దామని దారం మొత్తం లాగేశాను.

విడిపోలేదురా.

నెమ్మదిగా పక్కకి లాగి చూశాను. రాలేదు. అతుకు ఎక్కడుందో నేను కుట్టిన నాకే కనబడటం లేదు. కళ్లజోడు మార్చి చూశాను. పెళ్లికూతుళ్లని పిలిచి చూపించాను. "ఏది రెండు? ఒకటే కదా ఉంది" అన్నారు.

ఏం అర్థం కావడం లేదు. పరాయిది అతుక్కోదని మీ అక్కే చెప్పిందన్నావు. మీ అక్క ఇలాంటి వాటిలో తప్పు చెప్పదు. నువ్వు ఏ షాపులో కొన్నావు?

బావ


చేపల షాపు ఎదుట,
కారులోంచి.

బావా,

వెళ్లి అడిగాను. షాపాయన ఇంకా అదే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను కొన్న ముక్క ఎక్కడినుంచి తెచ్చారండీ అంటే, గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"రేవులో క్రేన్ నడిపే ఒకావిడ ఏడాదికోసారి ఇటు వచ్చినప్పుడు ముక్కలు తెచ్చిచ్చి, చేపల మేత పట్టుకుపోయేవారు. ఒకసారి ఇట్లాంటి ముక్కే ఒకటి విడిగా తెచ్చి, ఇది ఎవరికీ అమ్మొద్దన్నారు. మా తమ్ముడు ఫోనెత్తడం లేదు, వాడి దగ్గర ముక్క పోయే ఉంటుంది, నాకు చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు, రేపో మాపో ముఖం వేలాడేసుకుని ఇటు వస్తాడు, అడిగిన వెంటనే ఇది ఇచ్చెయ్యండి, నేనిచ్చానని చెప్పొద్దు అన్నారు. మీ ముఖం చూడగానే ఆ తమ్ముడు మీరేనని నాకు తెలిసిపోయింది" అన్నాడు.

బావా, నేను కారులోకి వచ్చి కూర్చున్నాను. స్టార్ట్ చెయ్యలేదు. అక్కకి మొదటినుంచీ తెలుసు. మా ఇంటికొచ్చి దాన్ని చూసి, నా వీపు తట్టి, అందరిముందూ "మంచి చెయ్యి" అన్న ప్రతిసారీ తెలుసు. నేను కిటికీలోంచి బయటికి చూస్తుంటే నావైపు చూసే ఉంటుంది. నాకు ఏడుపు ఆగడం లేదు. ఇంతవయసొచ్చి రోడ్డు పక్కన ఎల్ బోర్డు కారులో కూర్చుని ఏడుస్తుంటే, దారినపోయేవాళ్లు టెస్టులో ఫెయిలయ్యాననుకుంటున్నారు.

నాకు తెలిసిపోయిందని అక్కకి చెప్పకు. ఇన్నేళ్లు దాచింది, ఆ దాచుకోవడం ఆవిడకే ఉండనీ.

నీ బావమరిది


షాపు మూసేశాక,
పైన ఇంట్లోంచి.

బావమరిదీ,

మీ అక్క వచ్చేసింది. పెట్టె దింపకముందే, కాళ్లకి ఆ పెద్ద బూట్లతోనే ట్యాంకు ముందు నిలబడింది.  గొడుగాయన చూడబోతే నిండా విచ్చుకుని నిమ్మకు నీరెత్తినట్టున్నాడు, బకెట్లో ఏమీ జరగనట్టు. పక్కన గుడ్డాయన. అందులో చేపలు. పక్కరాయి మీద అవి గుడ్లు కూడా పెట్టాయి.

వంగి గుడ్డాయన అంచు చూసింది. తర్వాత పైకెళ్లి బీరువా తీసి, చలికాలం వేసుకునే తన పెద్ద కోటు తెచ్చి, నా ముందు లోపలివైపు తిప్పి చూపించింది. లైనింగు లేదు. లేత గోధుమరంగు లైనింగు.

"దీని మొదటి ఫొటోలోనే తెలిసిపోయింది. ఆ మడతకుట్టు ఇంకెవరు వేస్తారు?" అంది. మరి బాగా విచ్చుకున్నాడని ఎందుకు రాశావంటే, "బాగానే కుట్టారు కదా" అంది.

అన్నీ చెప్పేశాను. అంచు, గుండుసూదులు, బకెట్టు. నీది తప్ప అన్నీ. "సరేలెండి" అంటుందని ఎదురుచూస్తూ నేల చూస్తున్నాను. ఆవిడ వీధి తలుపు వైపు నడిచింది. అయిపోయింది, ఎదురింటి వాళ్ల దగ్గరికే అనుకున్నాను. తలుపు పక్క బల్ల మీది నా కొత్త కత్తెర పట్టుకొచ్చి చేతిలో పెట్టింది. గొడుగాయన్ని గిన్నెలోకి తీసి, రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది.

"ఒకవైపే సరిచేసి వదిలేస్తారా ఎవరైనా? కుడివైపు జారింది, కొయ్యండి. ఈసారి సూదులొద్దు" అంది.

కోశాను రా.  ఆయన మళ్లీ ముడుచుకున్నాడు. "నెల తిరిగేసరికి విచ్చుకుంటాడు. అప్పటికి నేనుండను, మళ్లీ ఆ రేవుకే వెళ్లాలి. మీరు చూసుకోండి" అని, ఇంటి తాళాలు నా మిషను మీద పెట్టి స్నానానికి పోయింది. మర్చిపోయి పెట్టిందేమోనని వచ్చాక గుర్తుచేశాను. మర్చిపోలేదంది.

సాయంత్రం మూలనున్న గులకరాయి తీసి, నీ ముక్కా మన ముక్కా కలిసినచోట వేలితో తడిమి చూసింది. అతుకు కనబడలేదు. నావైపు తిరిగి, "చూశారా, నేను చెప్పలేదూ, మా తమ్ముడిది మంచి చెయ్యి" అంది.

"అవును, మంచి చెయ్యే" అన్నాను. నా గొంతు పిట్ట గొంతులా సన్నగా వచ్చింది. మీ అక్క విననట్టే ఊరుకుంది.

మీ బావ